నలభై ఎనిమిది అంకెలు

గార్డెన్ రీచ్ రేవు పక్కన కూలీల ఇళ్ళ వరసల్లో, తెలుగు లైన్లలో, రమాకుమారికి రెండు పేర్లున్నాయి. ఎదురుగా ఉన్నప్పుడు రమా దీదీ. ఆమె వీపు తిప్పగానే కాయితాల రాకాసి. రెండో పేరు సంగతి ఆమెకు తెలుసు. అది ఎవరు పెట్టారో కూడా తెలుసు. తనకంటే ఆరేళ్ళు చిన్నవాడు, సొంత తమ్ముడు యోగేశ్.

ఆమెకు నలభై మూడేళ్ళు. తాత శ్రీకాకుళం తీరం నుంచి మూటలు మోయడానికి ఈ బెంగాల్ రేవుకొచ్చాడు. తండ్రి ఇదే రేవులో క్రేన్ల కింద నిలబడి సరుకుకు కొక్కేలు తగిలించే పని చేసి, నడుం పడిపోయాక మంచం పట్టి పోయాడు. రమాకుమారి హిందీ మీడియంలో పన్నెండో తరగతి దాకా చదివింది. లిలువా రైల్వే వర్క్‌షాపులో పనిచేసే ఒకతన్ని పెళ్ళి చేసుకుంది. ఆరేళ్ళు అక్కడ క్వార్టర్లో కాపురం చేసి, ఒక ఆదివారం పొద్దున్న రేకుపెట్టె పట్టుకుని వెనక్కి వచ్చేసింది. ఎందుకొచ్చావని అడిగినవాళ్ళకు "రావాలనిపించింది, వొచ్చినాను" అని చెప్పింది. ఆ చెప్పిన తీరుకి ఎవరూ రెండోసారి అడగలేదు.

తర్వాత ఆమె చేపట్టిన పని లైన్లలో ఒక దుకాణంలో కూర్చుని ఫారాలు నింపడం. పింఛను, రేషను కార్డు, కులం సర్టిఫికెట్టు, బడిలో సీటు, ఆస్పత్రి కార్డు, ఏదైనా సరే. రేవులో పనిచేసే తెలుగువాళ్ళలో ముసలివాళ్ళకు ఏ భాషా చదవడం రాదు. పిల్లలకు బెంగాలీ, హిందీ వచ్చు గానీ ఆఫీసు కాగితం చూస్తే భయం. అందరూ రమాకుమారి దగ్గరికే వచ్చేవాళ్ళు, తిట్లు తినడానికి సిద్ధపడి మరీ వచ్చేవాళ్ళు. ఆమె తిట్టేది. పుట్టిన తేదీ తెలియదంటే తిట్టేది, ఫోటోలో కళ్ళు మూసుకుంటే తిట్టేది. మిషను మీద వేలిముద్ర పడకపోతే ఆ వేలు లాక్కుని తన కొంగుతో చర్మం ఎర్రబడేదాకా రుద్దేది. కానీ ఆమె పంపిన కాగితం వెనక్కి వచ్చిన సందర్భం లేదు. అందుకని తిట్లు భరించేవాళ్ళు.

ఆ నవంబరు మంగళవారం పొద్దున్న దుకాణం తెరిచేసరికి అమ్మన్నమ్మ అప్పటికే బెంచీ మీద కూర్చుని ఉంది. డెబ్భై ఏళ్ళ మనిషి. భర్త పేరు గురువులు, రేవులో ముప్ఫై రెండేళ్ళు చేసి, రెండేళ్ళ కిందట పోయాడు. ఆమెకొచ్చే వితంతు పింఛను ఆగకుండా ఉండాలంటే గురువారం సాయంత్రంలోగా పాత కాగితాలన్నీ మళ్ళీ చూపించాలని ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. చూపించడానికి కాగితాలు లేవు. వర్షాకాలంలో మురిక్కాలువ పొంగి ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు మంచం కింద పెట్టెలో ఉన్న సర్వీసు సర్టిఫికెట్టు, మొగుడూపెళ్ళాల జంట ఫోటో, నోటరీ కాగితం అన్నీ నాని గుజ్జయిపోయాయి. అప్పుడు ఏడుస్తూ వస్తే రమాకుమారే చెప్పింది. "ఎందుకే అత్తా ఆ ఏడుపు? గురువులు మావ పోయినప్పుడే అన్నీ స్కాన్ సేసి నా లాప్‌టాప్‌లో ఎట్టినాను. అందులోంచి ఎక్కడికి పోతాయి?"

ఇప్పుడు ఆ లాప్‌టాప్ మూత తీసి మీట నొక్కింది. చుక్కల చక్రం తిరిగింది. "మరమ్మతు జరుగుతోంది" అని ఇంగ్లీషులో వచ్చింది. తెర నల్లబడి, దానంతటదే ఆగి, మళ్ళీ మొదలైంది. మళ్ళీ చక్రం. ఇలా మూడుసార్లయ్యాక నీలం తెర పడింది. దాని మీద తెల్లటి అక్షరాలు, కింద ఖాళీ గడి. రికవరీ కీ, అంటే తాళం తీసే అంకెలు, ఇమ్మంటోంది. మొత్తం నలభై ఎనిమిది అంకెలు.

రమాకుమారి తన పాస్‌వర్డు కొట్టింది. గడి ఒప్పుకోలేదు. ఆపి మళ్ళీ పెట్టింది. ఛార్జరు వైరు పీకి పెట్టింది. ముందురోజు సాయంత్రం అప్‌డేట్ ఏదో పడుతోందని చూసి, దాన్ని అలాగే వదిలేసి ఇంటికి వెళ్ళిపోయింది. అది గుర్తొచ్చి పళ్ళు నూరింది.

"ఏటే రమా, బొమ్మ రానేదా?" అంది అమ్మన్నమ్మ.

"వొస్తాది. కూకో."

"నీ మొకం సూస్తే వొచ్చీలాగ నేదే."

"నా మొకం సూడకు అయితే. గోడకేసి సూడు."

మధ్యాహ్నం దాకా కుస్తీ పట్టింది. దుకాణానికొచ్చిన నలుగుర్ని తరిమేసింది. పాత పెన్‌డ్రైవులో కొంత దాచిపెట్టిన గుర్తుంది. దాన్ని ఫోనుకి తగిలించి చూస్తే అందులో ఉన్నవి మూడేళ్ళ కిందటి ఫైళ్ళు. గురువులు అప్పటికి బతికే ఉన్నాడు. లోపలున్నది అమ్మన్నమ్మ కాగితాలొక్కటే కాదు. నాలుగొందల కుటుంబాల బతుకంతా ఆ నీలం తెర వెనకుంది. రమాకుమారి లాప్‌టాప్‌ని చేతిసంచిలో కుక్కి, ఊళ్ళో కంప్యూటర్లు బాగుచేసే బజారు చాందినీ చౌక్‌కి బస్సెక్కింది.

చాందినీ చౌక్‌లో రెండో అంతస్తు మెట్ల మలుపులో తపన్ అనే బెంగాలీ మెకానిక్ ఉన్నాడు. కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టుకుని, ఎవరొచ్చినా ముందు వాళ్ళదే తప్పన్నట్టు చూసే మనిషి. తన పెన్‌డ్రైవుతో మిషన్ని లేపి నాలుగు రకాలుగా ప్రయత్నించాడు. ఏ తలుపు తట్టినా అదే కీ అడిగింది.

"ఫార్మాట్ చేసెయ్యాలి దీదీ. నలభై నిమిషాలు," అన్నాడు.

"లోపలున్నవి?"

"పోతాయి."

"పోవడానికి కాదు నీ దగ్గరికి తెచ్చింది," అంది రమాకుమారి బెంగాలీలో.

తపన్ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "చూడండి, నామీద అరిచి లాభం లేదు. డిస్కులో ప్రతి అక్షరానికీ తాళం పడి ఉంది. కీ లేకపోతే నేనే కాదు, ఇంకెవరూ తియ్యలేరు. తీస్తానని ఎవడైనా చెప్పాడంటే మిమ్మల్ని మోసం చేస్తున్నట్టే. అప్‌డేట్ సగంలో చెడింది కాబట్టి మిషనుకి అనుమానమొచ్చి తాళం అడుగుతోంది. ఆ కీ ఎక్కడో ఉంటుంది. ఈ మిషను కొన్న రోజు మొదట తెరిచింది ఎవరు? ఎవరి మెయిల్ పెట్టి తెరిచారు?"

రమాకుమారి లాప్‌టాప్ కోసం చేతిసంచి నోరు విప్పింది.

"వాళ్ళ ఎకౌంటులో ఉంటుంది. వాళ్ళనడగండి. అంత సులువు," అని తపన్ మూత మూసి ఇచ్చేశాడు.

అది సులువు కాదని అతనికెలా తెలుస్తుంది? ఆ మిషను తెరిచింది యోగేశ్. అప్పట్లో అక్కాతమ్ముళ్ళిద్దరిదీ ఒకటే దుకాణం. కొత్త లాప్‌టాప్‌కి పసుపు బొట్టు పెట్టి, తన మెయిల్‌తో మొదలుపెట్టింది వాడే. ఇప్పుడు వాడి దుకాణం వేరు. రమాకుమారి గుమ్మానికి ముప్ఫై అడుగుల దూరంలో, వీధికి అవతలి పక్క. మూడేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

ఆ తగువు మొదలైంది పుట్టిన తేదీల దగ్గర. కాంట్రాక్టరు కింద ఓడల పనికి పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళని తీసుకోరు. యోగేశ్ రమాకుమారి లేనప్పుడు బర్త్ సర్టిఫికెట్ల మీద అంకెలు మార్చి ప్రింటు తీసేవాడు. అలా ఏడుగురు కుర్రాళ్ళకి చేశాడు. అమ్మన్నమ్మ మనవడు బన్నీ అందులో ఒకడు. పదిహేడేళ్ళవాడు కాగితం మీద పంతొమ్మిదేళ్ళవాడయ్యాడు. ఆ ఏడుగురిలోనే పదహారేళ్ళ పిల్లాడొకడు ఓడ అడుగు గదిలోకి జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆస్పత్రిలో వయసు బయటపడింది. కాంట్రాక్టరు మనుషులు పోలీసుల్ని వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చారు. యోగేశ్‌ని స్టేషనుకి తీసుకెళ్ళి పొద్దున్నుంచి రాత్రి దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. మిగతా ఆరుగురి పేర్లు ఎలా తెలిశాయో ఏమో, మర్నాడు అందరినీ పనిలోంచి తీసేశారు.

యోగేశే దెబ్బలకు భయపడి పేర్లు కక్కేశాడని లైన్లన్నీ నమ్మాయి. వాడు కాదని ఎంత మొత్తుకున్నా వినలేదు. అక్కని వాడు అప్ప అనేవాడు. అప్పే చెప్పింది, అప్పే ఫోల్డరు తెరిచి చూపించింది అని అరిచాడు. సొంత అక్క మీదకు నెట్టేస్తున్నాడని ఇంకా ఎక్కువ అసహ్యించుకున్నారు. అమ్మన్నమ్మ అయితే వాడి దుకాణం ముందునుంచి వెళ్ళిన ప్రతిసారీ ఆగి, గుమ్మం మీద ఉమ్మి మరీ వెళ్ళేది. రమాకుమారి తన కుర్చీలోంచి అది చూసేది. చూసి, తలవంచుకుని ఎవరిదో ఫారం నింపుకునేది.

యోగేశ్ చెప్పింది నిజం.

ఆ రోజు పోలీసు "ఈ మిషను ఎవరిది?" అన్నప్పుడు తనూ ఇరుక్కుంటానని ఆమెకు భయమేసింది. దుకాణం కాగితాలు ఇద్దరి పేరా ఉన్నాయి. దానికితోడు తమ్ముడి మీద ఒళ్ళు మండిపోయింది. విరిగిన ఆ కాలు కళ్ళ ముందే ఉంది. మార్చిన సర్టిఫికెట్లున్న ఫోల్డరు తెరిచి తెర వాళ్ళవైపు తిప్పింది. ఆ క్షణంలో అందులో భయమెంతో, కోపమెంతో, న్యాయమెంతో ఆమెకే తెలియదు. తర్వాత ఎవరూ తనని అడగలేదు, తనూ చెప్పలేదు.

బుధవారం పొద్దున్న పది గంటలకి రమాకుమారి లాప్‌టాప్ చంకన పెట్టుకుని వీధి దాటింది. వెనకాలే అమ్మన్నమ్మ వచ్చింది గానీ యోగేశ్ గుమ్మం తొక్కలేదు. బయట, ఆటో ఆగే చోట నిలబడి, చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

లోపల యోగేశ్ ఎవరిదో ఆధార్ కార్డు ప్రింటు తీస్తున్నాడు. బెంచీ మీద ముగ్గురున్నారు. ఒకాయన రిటైరయిన క్రేన్ డ్రైవరు ధనుంజయ్, లైన్లలో పెద్దమనిషి కింద లెక్క. అక్కను చూసి యోగేశ్ చేతిలో కాగితం ఆగిపోయింది.

"ఏటి? దారి తప్పినావా?"

రమాకుమారి లాప్‌టాప్ కౌంటరు మీద పెట్టి మూత తీసింది. నీలం తెర వెలిగింది. వాడికి ఒక్క చూపుతో అర్థమైంది. మొహంలో నవ్వు మెల్లగా, చెడ్డగా విచ్చుకుంది.

"ఓహో. తాళం పడిపోనాదా, దీదీ?"

వాడు అప్ప అనలేదు. బయటివాళ్ళు పిలిచినట్టు దీదీ అన్నాడు.

"కీ నీ ఎకౌంటులో ఉంటాదంట. సూసి సెప్పు."

"ఉంటే?"

"ఉంటే సదువు. నాను కొట్టుకుంటాను."

యోగేశ్ తన మిషను ముందు కూర్చున్నాడు. నీలం తెర కింద ఉన్న గుర్తింపు అక్షరాలు ఎనిమిదింటినీ చూసి, తన ఎకౌంటులో ఉన్న జాబితాతో పోల్చాడు. ఐదారు మిషన్ల పేర్లున్నాయి. నాలుగో దాని దగ్గర వేలు ఆగింది. వెంటనే తెరని తనవైపు తిప్పేసుకున్నాడు.

"ఉంది," అన్నాడు. "పక్కనే తీసేయమని ఒక బొమ్మ కూడా ఉంది. ఇది నొక్కితే పోద్ది. ఇంక పైనున్న దేవుడు దిగొచ్చినా నీ పెట్టె తెరుసుకోదు."

"నొక్కు. అందులో అమ్మన్నమ్మత్త పింఛను కాయితాలున్నాయి. రేపటితో గడువు. నొక్కేసి బయటికెల్లి ఆమెకి నువ్వే సెప్పుకో."

"అమ్మన్నమ్మా!" యోగేశ్ కుర్చీలోంచి లేచాడు. "మూడేళ్ళ నుంచి పొద్దున్నా సాయంత్రం నా గుమ్మం మీద ఉమ్మేస్తన్నాది. నా పెళ్ళాం రోజూ కడుగుతన్నాది. ఆమె పింఛను కోసం నాను సదవాలా?"

బయట ఆ మాట వినపడింది. అమ్మన్నమ్మ అక్కణ్ణుంచే "నీ లాటోడు పెట్టిన కూడు నాకొద్దురా!" అని అరిచింది.

"ఇనవే, ఇను," అన్నాడు యోగేశ్ అక్కతో. "నాను నీకాడ డబ్బులడగను. కాళ్ళట్టుకోమని అడగను. ఒక్క మాట సెప్పు. ఇక్కడున్నోళ్ళ ముందు, ఆ బయటున్న ముసల్దాని ముందు. ఆ రోజు పోలీసోళ్ళకి ఫోల్డరు తెరిసి సూపించింది ఎవులు?"

ప్రింటరు ఇంకా గరగరలాడుతోంది. ధనుంజయ్ ముందుకు వంగి చెవి ఒగ్గాడు.

రమాకుమారికి మాట మింగెయ్యడం చాతకాక కాదు. మూడేళ్ళు మింగింది. ఇప్పుడూ "నువ్వే" అని తిరగబడి వెళ్ళిపోవచ్చు. లైన్లన్నీ తననే నమ్ముతాయి. కానీ వెళ్ళిపోతే రేపు అమ్మన్నమ్మ చేతిలో ఏమీ ఉండదు. చెప్తే రేపు తన చేతిలో ఏమీ ఉండదు. నీలం తెర కేసి చూసింది. ఒళ్ళంతా కంపరంగా ఉంది. ఈ మిషను మీద, తమ్ముడి మీద, తన మీద.

"నానే," అంది.

"గట్టిగా సెప్పు."

"నానే సూపించినాను!" ఈసారి వీధిలోకి వినపడింది. "ఏడుగురి పేర్లూ నానే సూపించినాను. నువ్వు దొంగ తేదీలు యేసినావు. ఆ పిల్లడి కాలు ఇరిగినాక నాను పేర్లు సూపించినాను. మళ్ళీ అలాటిదే జరిగితే మళ్ళీ సూపిస్తాను. అందులో తప్పు నేదు. ఆ పేరు నీ మీద పడితే నోరు మూసుకుని కూకున్నాను సూడు, అదీ నాను సేసిన తప్పు. ఇన్నావు కదా. ఇప్పుడు అంకెలు సదువు."

యోగేశ్ మూడేళ్ళుగా కోరుకున్న మాట అది. దక్కాక ఏం చెయ్యాలో తెలియనట్టు నిలబడిపోయాడు. వాడి చూపు అక్క మీద లేదు, బయట గుమ్మం అవతల ఉంది. రమాకుమారి మాత్రం అటు తిరిగి చూడలేదు.

"సదువు," అంది మళ్ళీ.

వాడు కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. కావాలనే బెంగాలీలో, ఆటోవాళ్ళు చిల్లర లెక్కపెట్టే వేగంతో చదివాడు. చార్, ఎక్, షాత్, శున్నో, ఛొయ్, పాంచ్. ఆమె అంతకంటే వేగంగా కొట్టింది. ఆరేసి అంకెల కట్టలు ఎనిమిది. మొదటిది పట్టింది, రెండోది పట్టింది. నాలుగు దాకా అడ్డు లేకుండా సాగింది. ఐదో కట్ట కొట్టగానే తప్పు అని చూపించింది.

"మళ్ళీ సదువు ఐదోది."

చదివాడు. మళ్ళీ తప్పు.

"అటూ ఇటూ మార్చి సదువుతన్నావు."

"నీ సెవులు మారిపోనాయి."

"ఒరే, నీ సంగతి నాకు తెల్దా? అంకెలు మార్చడం నీకు కొత్తా?"

యోగేశ్ చెయ్యెత్తాడు. కొట్టడానికే ఎత్తాడు. రమాకుమారి తప్పుకోలేదు, రెప్ప వెయ్యలేదు, కౌంటరు మీదుగా వంగి వాడి తెరని పట్టుకుని తనవైపు గుంజింది. వాడు అటువైపు గుంజాడు. ప్రింటరు పక్కనున్న టీ గ్లాసు కిందపడి పగిలింది.

"ఓలమ్మో! వొదలండి ఇద్దరూ!" ధనుంజయ్ లేచి మధ్యలో దూరాడు. "నలభై ఏళ్ళు క్రేను తోలినాను. ఇంతకంటే బరువైనవి దించినాను. జరుగు, నాను సదూతాను."

కళ్ళజోడు తీసి లుంగీకి తుడుచుకుని పెట్టుకున్నాడు. ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి, తెలుగులో, కింద ఉన్న మనిషికి కొక్కెం ఎక్కడ దిగుతోందో చెప్పినంత నిదానంగా చదివాడు. రెండు... ఎనిమిది... మూడు... తొమ్మిది... ఒకటి... సున్నా. ఐదో కట్ట పట్టింది. ఆరు, ఏడు, ఎనిమిది. ఒకరి మొహం ఒకరు చూడకుండా అక్కాతమ్ముళ్ళు ఆ గొంతు విన్నారు.

నీలం తెర పోయింది. నల్లగా అయి, చక్రం తిరిగి, "మరమ్మతు జరుగుతోంది" అని మళ్ళీ మొదటికొచ్చింది.

తాళం తెరుచుకున్నా లోపల ఇల్లు కూలే ఉంది. తర్వాత వచ్చిన తెర మీద వరసగా నాలుగైదు దారులున్నాయి. మొదటిదాని మీదకి వేలు పోయింది.

"అది కాదు," అన్నాడు యోగేశ్. అనకుండా ఉండలేకపోయాడు. పనిచేసేవాడు పక్కవాడు తప్పు మీట నొక్కుతుంటే చూస్తూ ఊరుకోలేడు. "అది నొక్కితే అన్నీ తుడిసేస్తాది. కిందది నొక్కు. ఆకరున పడిన అప్‌డేట్ తీసెయ్యమని ఉంటాది. ఈ వారం నా కాడికి మూడు మిషన్లు ఇలాగే వొచ్చేయి."

"నాకు తెలుసు."

"తెలిస్తే పైదాని మీదకి ఎందుకెల్లింది సెయ్యి?"

ఆమె కిందది నొక్కింది. ఇరవై నిమిషాలు చుక్కలు తిరిగాయి. ఆ ఇరవై నిమిషాలూ ఆమె నిలబడే ఉంది. కూర్చోమని వాడు అనలేదు. యోగేశ్ భార్య దుర్గాదేవి లోపల్నుంచి చీపురు తెచ్చి, రమాకుమారి కాళ్ళ పక్కనున్న గాజుపెంకులు ఊడ్చి, ఆమె కాళ్ళకి చీపురు తగిలినా పట్టించుకోకుండా వెళ్ళిపోయింది.

ఆఖరికి తెర మీద వాళ్ళమ్మ ఫోటో వచ్చింది. పాస్‌వర్డు కొట్టింది. ఫోల్డర్లన్నీ ఉన్నాయి. రమాకుమారి మూత మూసి బయటికి నడిచింది. ఆటో ఆగే చోట అమ్మన్నమ్మ లేదు.

గురువారం పొద్దున్న సర్టిఫికెట్టు, ఫోటో, నోటరీ కాగితం అన్నీ ప్రింటు తీసి, అసలువి పోయాయని ప్రమాణపత్రం రాసి, ఫారం నింపి రమాకుమారే అమ్మన్నమ్మ ఇంటికి వెళ్ళింది. ముసలామె గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"ఇక్కడ ఏలిముద్ర ఎయ్యాలి," అంది రమాకుమారి.

అమ్మన్నమ్మ చేట పక్కన పెట్టి వేలు చాచింది. ముద్ర మొదటిసారి సరిగ్గా పడలేదు. రమాకుమారి అలవాటుగా కొంగుతో రుద్దబోతే చెయ్యి లాక్కుంది. తన చీరకే తుడుచుకుని మళ్ళీ వేసింది.

"బన్నీగాడు ఇప్పుడు బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లులో సేత్తన్నాడు," అంది ఎక్కడో చూస్తూ. "తెల్లారకుండా ఎల్తాడు, పొద్దుపోయి వొస్తాడు. దగ్గుతో వొస్తాడు. పేరు సూపించినావు, సరే. ఆడికి అప్పుడు పదిహేడే, నిజమే, నాను కాదనను. దానికి నాను నిన్ను తిట్టను. మరి మూడేళ్ళు ఆ యోగేశ్ గుమ్మం మీద ఉమ్మేసినానే. నువ్వు ఎదురుగా కుర్సీలో కూకుని సూసినావే. ఒక్కపాలి, ఒక్కటంటే ఒక్కపాలి, అత్తా ఆడు కాదే అన్నావేటి? నా నోటిని నీ పాపానికి వాడుకున్నావే!"

ఎవరెన్ని తిట్టినా రెండింతలు తిరిగి తిట్టే మనిషి, కాగితాలు సర్దుతూ నిలబడింది.

"పద, ఆఫీసుకి. దారిలో నాతో మాటాడకు," అంది అమ్మన్నమ్మ.

ఒకే బస్సులో వెళ్ళారు. ఒకే సీటులో, మధ్యన సంచి పెట్టుకుని కూర్చున్నారు. ఆఫీసులో గుమాస్తా కాగితాలు ఇలా చూసి అలా తోసేశాడు. ఇవి నకళ్ళు, అసలువి కావాలన్నాడు. అసలువి నీళ్ళలో పోయాయని, వాటి బదులు ప్రమాణపత్రం జతచేశామని, ఉత్తరంలోనే దానికి వీలుందని రమాకుమారి చెప్పింది. పెద్దాయన్ని అడిగి రేపు రమ్మన్నాడు.

ఆ రెండు రోజుల విషమంతా ఆమె నోట్లోంచి అప్పుడు బయటపడింది. ఉత్తరం అతని మొహం ముందు పెట్టి, ఆ వాక్యం మీద వేలు గుచ్చి, బెంగాలీలో చదివి వినిపించింది. హాల్లో ఉన్న వాళ్ళందరికీ వినిపించింది. రేపటికి గడువు దాటుతుందని, దాటితే ఈ ముసలామె ఎవరి గుమ్మంలో కూర్చోవాలో అతనే కాగితం మీద రాసి ముద్ర కొట్టి ఇవ్వాలని, ఇచ్చేదాకా తను కదలనని చెప్పింది. వెనక వరసలో వాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. గుమాస్తా మొహం నల్లగా పెట్టుకుని, కాగితాలు తీసుకుని, ముద్ర గుద్ది, రసీదు చింపి బల్ల మీదకి విసిరాడు.

అమ్మన్నమ్మ ఆ రసీదు తీసి రవికలో దోపుకుంది. బయటికొచ్చాక రమాకుమారి బస్సు కోసం ఆగింది. ముసలామె మోకాళ్ళ నొప్పితో ఈడ్చుకుంటూ నడిచివెళ్ళి ఒక ఆటో ఎక్కింది. డిసెంబరులో ఆమె పింఛను పడింది. ఆ కబురు రమాకుమారికి వేరేవాళ్ళు చెప్పారు.

ఆ తర్వాత ఆ ఏడుగురి కుటుంబాలూ రమాకుమారి దుకాణానికి రావడం మానేశాయి. వాళ్ళ చుట్టాలూ మానేశారు. ఒకరోజు పొద్దున్న వచ్చి చూస్తే ఆమె బోర్డు మీద ఎవరో తారు పూసి ఉన్నారు. కిరసనాయిలు గుడ్డతో రెండు గంటలు తుడిచింది. యోగేశ్ బెంచీ నిండింది. అయితే వాడి మీద ఉమ్మినవాళ్ళూ, పేరు పెట్టి తిట్టినవాళ్ళూ ఎవరూ పొరపాటైందని మాట వరసకైనా అనలేదు. ఫారం ముందు పెట్టి, ఏమీ జరగనట్టు, త్వరగా నింపమన్నారు. వాడూ నవ్వడం మానేశాడు. పుట్టిన తేదీ దగ్గరికొచ్చేసరికి అసలు కాగితం తెమ్మని కసురుతున్నాడని, అచ్చం అక్కలాగే తయారయ్యాడని లైన్లలో చెప్పుకున్నారు.

రమాకుమారి దగ్గరికి ఇంకా వచ్చేవాళ్ళున్నారు. ఆమె అంటే ఇష్టమై కాదు, కాగితం వెనక్కి రాకూడదని వచ్చేవాళ్ళు. ఆమె తన పేరు మీద కొత్త ఎకౌంటు తెరిచింది. యోగేశ్ ఎకౌంటుని లాప్‌టాప్‌లోంచి తీసేసి, కొత్త తాళం వేసి, కొత్త అంకెలు పుస్తకంలో తన చేత్తో రాసుకుంది. నాలుగొందల కుటుంబాల ఫైళ్ళూ రెండు వేరే డిస్కుల్లోకి ఎక్కించింది. అందులో తన దగ్గరికి రావడం మానేసినవాళ్ళవీ ఉన్నాయి. ఎవరివీ చెరపలేదు.

జనవరిలో ఒక సాయంత్రం ఆటో స్టాండు దగ్గర అక్కాతమ్ముళ్ళు ఎదురుపడ్డారు. జనం ఎక్కువగా ఉన్నారు, తప్పుకునే చోటు లేదు. యోగేశ్ ఆమె వైపు కాకుండా రోడ్డు వైపు చూస్తూ అడిగాడు.

"అన్నీ కాపీ ఎట్టుకున్నావా?"

"నీకేటి?"

"ఏటీ నేదు. మళ్ళీ నా గుమ్మం ఎక్కుతావేమోనని."

"సస్తే ఎక్కను."

"సంతోషం," అని వాడు ముందు ఆటోలో డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. రమాకుమారి వెనక ఆటో కోసం ఆగింది.